కోర్టులో లేని మనిషి తరఫున: జస్టిస్ సయ్యద్ మహమూద్

(న్యాయవాదుల సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డ జూనియర్లు కాస్త ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ఇవాళ నేను చెప్పబోయే విషయం సీనియర్ల కంటే మీకే ఎక్కువ పనికొస్తుంది.

మనం మాట్లాడుకోబోయే మనిషి సయ్యద్ మహమూద్. అలహాబాద్ హైకోర్టులో కూర్చున్న మొదటి భారతీయ న్యాయమూర్తి. బ్రిటిష్ ఇండియా మొత్తంలో హైకోర్టు జడ్జి అయిన మొదటి ముస్లిం కూడా ఆయనే. పేరు వినగానే చాలామంది "అలీగఢ్ కాలేజీ పెట్టిన సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ గారి అబ్బాయి కదా" అంటారు. ఇంకాస్త చదివినవాళ్లు "తాగుడు వల్ల జడ్జి పదవి పోయిందట" అంటారు. అలా ఒకవైపు తండ్రి పేరు, ఇంకోవైపు తాగుడు నిలబడిపోయి, మధ్యలో ఆయన రాసిన తీర్పులు ఎవరికీ కనపడకుండా పోయాయి. నాకు బాధగా ఉండేది అక్కడే.

ఆ తీర్పులు వరసగా చదువుతూ పోతే ఒక అలవాటు కనిపిస్తుంది. ఎదురుగా ఇద్దరు వకీళ్లు వాదిస్తుంటే మిగతా జడ్జీలు ఆ ఇద్దరినీ చూస్తారు. మహమూద్ మాత్రం అక్కడ లేని మూడోమనిషి ఎవరా అని వెతుకుతారు. ఈ తగాదాలో నష్టపోయేవాడు ఎవడు, వాడికి చెప్పుకునే వీలు దొరికిందా లేదా? ఆస్తి దావా అయినా, ఖైదీ అప్పీలు అయినా ఆయన ముందు అడిగేది ఇదే. ఇవాళ నేను చెప్పేదంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

ముందు మనిషి సంగతి. 1850 మే 24న ఢిల్లీలో పుట్టారు. తండ్రి అప్పటికి ఈస్టిండియా కంపెనీ కొలువులో మున్సిఫ్, అంటే కింది కోర్టు జడ్జి. అంటే కచేరీ వాతావరణంలో పెరిగిన పిల్లవాడు. 1857 తిరుగుబాటు నాటికి ఏడేళ్లవాడు. ఆ కల్లోలంలో ఢిల్లీలోని వాళ్ల బంధువులు ఎంత నష్టపోయారో, ఆ దెబ్బ సర్ సయ్యద్ ఆలోచనలను ఎలా మార్చిందో మీలో చాలామందికి తెలుసు. తన పిల్లలు అటు అరబ్బీ, పారశీకం, ఇటు ఇంగ్లీషు రెండూ గట్టిగా నేర్వాలని ఆయన పట్టుబట్టారు. మహమూద్ బనారస్‌లో క్వీన్స్ కాలేజీలో చదివి, 1868లో కలకత్తా విశ్వవిద్యాలయం మెట్రిక్యులేషన్ పాసయ్యారు. ఆ తరవాత ప్రభుత్వం వారి స్కాలర్‌షిప్ వచ్చింది, ఇంగ్లండులో చదవడానికి.

1869 ఏప్రిల్‌లో బనారస్ నుంచి బయలుదేరారు. ఒక్కడే కాదు, తండ్రీ, అన్న హమీద్ కూడా వెంట వెళ్లారు. సర్ సయ్యద్ అప్పుడు బనారస్‌లో స్మాల్ కాజ్ కోర్టు జడ్జి. ఆ ప్రయాణం ఖర్చుల కోసం ఆయన ఆస్తి తాకట్టు పెట్టారు, పుస్తకాలు అమ్ముకున్నారు. కొడుకు చదువుకోసం ఇల్లు తాకట్టు పెట్టే తండ్రులు మన ఊళ్లలోనూ ఉన్నారు కాబట్టి ఆ బరువు ఎలాంటిదో నేను వేరే చెప్పక్కర్లేదు. ఆ బరువు జీవితాంతం మహమూద్ మీద ఉందని నా నమ్మకం.

కేంబ్రిడ్జిలో క్రైస్ట్స్ కాలేజీలో చదివారు. 1872 ఏప్రిల్‌లో లండన్‌లోని బారిస్టర్ల సంస్థ లింకన్స్ ఇన్ ఆయన్ని బారిస్టరుగా తీసుకుంది. అదే ఏడాది చివర్లో తిరిగొచ్చి అలహాబాద్ హైకోర్టులో నమోదయ్యారు. అక్కడ బారిస్టరుగా నమోదైన మొదటి భారతీయుడు ఆయనే. తిరిగొచ్చిన కొత్తలో ఒక విందులో మాట్లాడుతూ, ఇంగ్లండునూ మన దేశాన్నీ రాజకీయంగా కలపడం కంటే మనుషులుగా, సామాజికంగా కలపడం తన ఆశ అన్న అర్థం వచ్చేలా చెప్పారు. అప్పుడాయనకు ఇరవై రెండేళ్లు. ఆ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ అవసరం వస్తుంది.

1873లో, ప్రాక్టీసు మొదలుపెట్టి ఏడాది కూడా తిరగక ముందే, అలీగఢ్‌లో పెట్టబోయే కాలేజీ ఎలా ఉండాలో ఒక ప్రణాళిక రాసిచ్చారు. కేంబ్రిడ్జి తరహాలో విద్యార్థులు అక్కడే ఉండి చదువుకోవాలని, ప్రభుత్వం చేయి లోపలికి రాకూడదని అందులో ఉంది. అలీగఢ్ అంటే తండ్రి పేరే చెబుతారు గానీ, దాని నమూనా కొడుకు గీసింది. 1875లో పాఠశాల మొదలైంది, 1877లో వైస్రాయ్ లిట్టన్ కాలేజీకి పునాదిరాయి వేశాడు. ఆ కథ పెద్దది, ఇవాళ్టికి వదిలేద్దాం.

ఆ లిట్టనే 1879లో ఆయన్ని అవధ్ ప్రాంతంలో రాయ్‌బరేలీకి జిల్లా జడ్జిగా వేశాడు. జిల్లా జడ్జి పదవులు సివిల్ సర్వీసులోని ఇంగ్లీషువాళ్ల చేతిలోనే ఉన్న రోజులవి. అక్కడ పనిచేస్తుండగానే మన హైదరాబాద్ పిలుపు వచ్చింది. 1881లో ఆయన సెలవు పెట్టి ఇక్కడికి వచ్చారు. మొదటి సాలార్ జంగ్ దివాన్‌గా నిజాం రాజ్యం న్యాయవ్యవస్థను సరిదిద్దే పనిలో ఉన్నారు, దానికి సాయంగా. ఉత్తరాది నుంచి, ముఖ్యంగా అలీగఢ్ వర్గం నుంచి చాలామంది ఇక్కడి కొలువులోకి వచ్చారు, మొహ్‌సినుల్ ముల్క్, వికారుల్ ముల్క్, చిరాగ్ అలీ వంటివాళ్లు. వాళ్ల పక్కన మహమూద్ ఇక్కడున్న కాలం చాలా కొద్ది. అయినా మన న్యాయస్థానాల చరిత్ర రాసేవాళ్లు ఆయన పేరు తప్పకుండా చేర్చాలి. ఆ కుటుంబానికీ హైదరాబాద్‌కూ సంబంధం అక్కడితో తెగలేదు. ఆ సంగతి చివర్లో చెబుతాను.

1882. వైస్రాయ్ రిపన్ కాలం. అలహాబాద్ హైకోర్టులో తాత్కాలిక న్యాయమూర్తిగా మహమూద్‌ని నియమించారు. వయసు ముప్పై రెండు. అప్పటికి కలకత్తాలో 1863లోనే శంభునాథ్ పండిట్ హైకోర్టు జడ్జి అయ్యారు. మన కోస్తా, రాయలసీమ జిల్లాలకు పెద్ద కోర్టయిన మద్రాసులో 1878లో ముత్తుస్వామి అయ్యర్ గారు కూర్చున్నారు. అలహాబాద్‌లో మాత్రం అదే మొదలు. వెంటనే మరుసటి ఏడాది ఇల్బర్ట్ బిల్లు గొడవ లేచింది. భారతీయ మేజిస్ట్రేటు ముందు తెల్లవాడు ముద్దాయిగా నిలబడటమేమిటని యూరోపియన్లు దేశమంతా సభలు పెట్టి తిట్టిపోస్తున్న కాలం. ఆ గాలిలో ఆయన ఇంగ్లీషు జడ్జీల పక్కన కూర్చుని తీర్పులు రాశారు. తాత్కాలికంగా పలుమార్లు పనిచేశాక, 1887 నాటికి స్థానం ఖాయమైంది.

ఆయన రాకతో కోర్టులో ఏం మారిందో చెప్పాలంటే ముందు ఒక వెనకటి సంగతి చెప్పాలి. 1864 దాకా, ముందు కంపెనీ కోర్టుల్లో, కంపెనీ పోయాక ప్రభుత్వ కోర్టుల్లో, జడ్జి పక్కన మౌల్వీ, పండితుడు ఉండేవారు. ముస్లిం చట్టం ఏమంటుందో మౌల్వీని అడిగేవారు, హిందూ ధర్మశాస్త్రం ఏమంటుందో పండితుణ్ణి అడిగేవారు. 1864లో ఆ పదవులు తీసేశారు. ఇక జడ్జిగారికి దిక్కు ఇంగ్లీషు అనువాదాలే. మన దేశంలో ఎక్కువమంది సున్నీ ముస్లింలు పాటించే హనఫీ న్యాయానికి పెద్ద గ్రంథం హిదాయా. దానికి చార్లెస్ హామిల్టన్ 1791లో వేసిన ఇంగ్లీషు అనువాదం కోర్టుల్లో ప్రమాణం. అయితే ఆయన అరబ్బీ మూలం నుంచి చేయలేదు, పారశీకంలోకి వచ్చిన అనువాదం నుంచి చేశాడు. అనువాదానికి అనువాదం. దాని మీద ఆధారపడి ఒక వితంతువు వాటా ఎంతో, ఒక తమ్ముడికి హక్కు ఉందో లేదో తేల్చేవారు.

మహమూద్ బెంచీ మీదికి అరబ్బీ మూలాలు తెచ్చారు. ఔరంగజేబు కాలంలో కూర్చిన ధర్మశాస్త్ర సంకలనం ఫతావా-ఎ-ఆలంగీరీ, హిదాయా మూలం తెరిచి, అనువాదం ఎక్కడ పక్కకి పోయిందో తీర్పులోనే చూపించేవారు. పక్కనున్న ఇంగ్లీషు జడ్జీలలో ఆ పని చేయగలిగినవాళ్లు లేరు. అవతలి పక్క లాటిన్ సూత్రాలు, రోమన్ లా, ఇంగ్లీషు కేసులు ఆయనకు కొట్టిన పిండి. రెండు న్యాయ సంప్రదాయాలనూ మూలభాషల్లో చదివి ఒకే తీర్పులో పక్కపక్కన నిలబెట్టిన న్యాయమూర్తి ఆ కాలంలో ఇంకొకరు నాకు కనిపించలేదు.

1886లో వచ్చిన అబ్దుల్ ఖాదిర్, సలీమా కేసు లా కాలేజీలో అందరం చదివాం. భార్య కాపురానికి రావాలని భర్త దావా. మహర్, అంటే పెళ్లి ఒప్పందంలో భర్త భార్యకు ఇవ్వాల్సిన సొమ్ము, చెల్లించలేదని భార్య అడ్డు. ముస్లిం వివాహం సంస్కారం కాదు, సివిల్ ఒప్పందం అని మహమూద్ రాసిన వాక్యాన్ని మన కోర్టులు ఇప్పటికీ ఎత్తి రాస్తూనే ఉన్నాయి. ఆ ఒక్క వాక్యం పట్టుకుని, ఆయన నికాను బజారు బేరంలా చూశాడని విమర్శించినవాళ్లున్నారు. పూర్తి తీర్పు చదివితే అలా అనిపించదు. హనఫీ న్యాయానికి మూలపురుషుడైన అబూ హనీఫా అభిప్రాయం ఒకటి, ఆయన శిష్యులిద్దరి అభిప్రాయం ఇంకొకటి అయినప్పుడు ఏది తీసుకోవాలో ఎంతో ఓపికగా విచారించి, భర్త మహర్ చెల్లించాలన్న షరతుతోనే డిక్రీ అన్నాడు. భార్య డబ్బు ఎగ్గొట్టి కాపురానికి రమ్మనే వీలు ఇవ్వలేదు. ఒప్పందం అన్నప్పుడు ఇద్దరికీ హక్కులుంటాయి. అక్కడ ఆ మాట పనిచేసింది భార్యకోసం. ఉల్లేఖనాలు మాత్రమే చదివి వాదించే అలవాటున్న జూనియర్లు ఇది గమనించాలి.

1885లో గోవింద్ దయాళ్ కేసులో షుఫా హక్కు మీద, అంటే పక్కవాడు స్థలం అమ్ముతుంటే ముందుగా కొనే హక్కు మీద, ఆయన ఇచ్చిన నిర్వచనాన్ని స్వాతంత్ర్యం వచ్చాక సుప్రీంకోర్టు కూడా స్వీకరించింది. దాని మీద ఎక్కువసేపు ఉండను.

ఉండాల్సింది అదే ఏడాది వచ్చిన జాఫ్రీ బేగం కేసు మీద. అందులో ప్రశ్న తేలిగ్గా అర్థం కావాలంటే ఇలా ఊహించుకోండి. ఒకాయన అప్పులు మిగిల్చి పోయాడు. ఇంట్లో ఉన్న వారసులు ఆస్తి పట్టుకుని ఉన్నారు. వాటా ఉన్న తమ్ముడొకడు వేరే చోట ఉన్నాడు. అప్పులవాడు ఇంట్లో ఉన్నవాళ్ల మీదే దావా వేసి డిక్రీ తెచ్చుకున్నాడు, ఆస్తి వేలం వేయించాడు. వేలంలో తమ్ముడి వాటా కూడా పోయినట్టా? అప్పు నిజమైన అప్పే, చచ్చిపోయినాయన తీసుకున్నదే. మరి తమ్ముడికి ఏం అభ్యంతరం అని ఆ రోజుల్లో చాలా కోర్టులు అనుకున్నాయి.

మహమూద్ మూలగ్రంథాల దగ్గరికి వెళ్లారు. మనిషి కన్నుమూసిన క్షణంలోనే ఆస్తి వారసులకు ఎవరి వాటా వారికి చేరిపోతుంది, అప్పు ఉన్నంత మాత్రాన అది ఆగదు అన్నారు. అలా చేరిపోయాక, ఆ తమ్ముణ్ణి పార్టీగా చేర్చకుండా తెచ్చుకున్న డిక్రీ వాడి వాటాను ఎలా తాకుతుంది? తాకదు. అప్పుడే ఇంకో మాట కూడా అన్నారు: వాటా తిరిగి తీసుకునేటప్పుడు తమ్ముడు తన వంతు అప్పు కట్టాలి. అప్పులవాడు మునిగిపోకూడదు, తమ్ముడూ మునిగిపోకూడదు. నేను ఆ తీర్పు చదివిన ప్రతిసారీ ఆ రెండో మాట దగ్గర ఆగిపోతాను. హక్కు ఇచ్చి చేతులు దులుపుకోలేదు, లెక్క కూడా సరిచేశాడు.

అంతకు ముందు, జడ్జి అయిన తొలి రోజుల్లోనే, నర్సింగ్ దాస్ కేసులో ప్రొసీజర్ గురించి చెప్పిన సూత్రం మీరందరూ ఎప్పుడో ఒకప్పుడు మెమోలో రాసే ఉంటారు, ఎవరు చెప్పారో తెలియకుండా. సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో స్పష్టంగా రాయని ప్రతి పద్ధతీ నిషిద్ధమని కోర్టు అనుకోకూడదు, చట్టం కాదననంతవరకూ ప్రతి పద్ధతినీ అనుమతించినట్టే చూడాలి. 1880లలో చెప్పిన ఆ మాటను మన సుప్రీంకోర్టు ఈ శతాబ్దంలో కూడా ఎత్తి చూపింది. దావాలకు నంబరు వేసే కోర్టు ఆఫీసులో ఏదో ప్రొవిజన్ కోట్ చేయలేదని పిటిషన్ వెనక్కి తిప్పి పంపితే మనకు ఎంత టెన్షనో తెలుసు కదా. ఆ కక్షిదారు టెన్షన్ ఆయనకు తెలుసు.

ఇక 1891. క్వీన్ ఎంప్రెస్, పోహ్‌పీ కేసు. నేను ఇవాళ ఇక్కడ నిలబడ్డది అసలు ఈ కేసు గురించి చెప్పడానికి.

జైలు అప్పీలు ఎలా నడిచేదో చూద్దాం. సెషన్స్ కోర్టులో శిక్ష పడింది. ఖైదీకి వకీలును పెట్టుకునే స్తోమత లేదు. జైల్లోనే చదువొచ్చినవాడెవడో అప్పీలు అర్జీ రాస్తాడు, ఖైదీ నిశానీ వేస్తాడు. జైలు అధికారి దాన్ని అలహాబాద్‌కి పంపుతాడు. హైకోర్టు అర్జీ చూసి, ఇందులో వినాల్సింది ఉంది అనుకుంటే అప్పీలు అడ్మిట్ చేస్తుంది, వాయిదా వేస్తుంది. ఆ వాయిదా తేదీ నోటీసు తిరిగి జైలుకు వస్తుంది. ఫలానా రోజు అలహాబాద్‌లో నీ అప్పీలు విచారణకు వస్తుందని ఖైదీకి చెబుతారు. ఖైదీ కాళ్లకు సంకెళ్లు, చుట్టూ గోడ. వాయిదా నాడు కోర్టులో పేరు పిలుస్తారు. ఎవరూ పలకరు. సర్కారు తరఫు ప్లీడరు ఉంటాడు. జడ్జీలు రికార్డు చదివి అప్పీలు కొట్టేస్తారు.

ఇది చట్టప్రకారం సరేనా అన్నదే ఫుల్ బెంచ్ ముందు, అంటే పలువురు జడ్జీలు కలిసి కూర్చున్న బెంచ్ ముందు, ప్రశ్న. అప్పటికి అమల్లో ఉన్నది 1882 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్. అప్పీలుదారు గానీ అతని ప్లీడరు గానీ హాజరైతే విని తీర్పు చెప్పాలని అందులో ఉంది. చీఫ్ జస్టిస్ సర్ జాన్ ఎడ్జ్, ఆయనతో ఏకీభవించిన జడ్జీలు దాన్ని ఇలా చదివారు: నోటీసు ఇచ్చాం, హాజరు కాలేదు, ఖైదీని జైలు నుంచి తెప్పించాలని కోడ్ ఎక్కడా చెప్పలేదు. అక్షరాలు పట్టుకుని చూస్తే ఆ వాదన మరీ తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. పైగా పని భారం ఉంది. ప్రతి ఖైదీనీ అన్ని జిల్లాల నుంచి అలహాబాద్‌కి తరలించాలంటే ప్రభుత్వానికి ఖర్చు, పోలీసులకు పని.

మహమూద్ ఒక్కరే ఒప్పుకోలేదు. సుదీర్ఘమైన భిన్నాభిప్రాయం రాశారు. అవతలివాడి మాట వినకుండా తీర్పు చెప్పకూడదన్నది కోడ్ కంటే పాతది, కోడ్ రాసినవాళ్లు దాన్ని మనసులో పెట్టుకునే రాశారు అన్నారు. నువ్వే తాళం వేసి కూర్చోబెట్టిన మనిషికి ఫలానా రోజు రమ్మని కాగితం పంపితే, అది వినే అవకాశం ఇచ్చినట్టు ఎలా అవుతుంది? డబ్బున్నవాడు ప్లీడరును పంపుకుంటాడు, కాబట్టి వాడి మాట వినపడుతుంది. లేనివాడి మాట వినపడదు. ఒకే చట్టం కింద ఇద్దరికి రెండు రకాల అప్పీళ్లు ఉండటం న్యాయం కాదని ఆయన వాదన సారాంశం. నా మాటల్లో కుదించి చెబుతున్నాను. ఆయన మాటల్లో పేజీల కొద్దీ ఉంది. రోమన్ లా నుంచి ఇంగ్లీషు కేసుల దాకా, ఒక్కో సెక్షన్నూ విడదీసి రాశారు.

ఓడిపోయారు. మెజారిటీ తీర్పే చట్టమైంది. అయినా ఆయన ఎవరికోసం అంత రాశారో ఒక్కసారి ఆలోచించండి. ఆ ఖైదీకి ఇంగ్లీషు రాదు, ఆ తీర్పు వాడు ఎప్పటికీ చదవలేడు. వాడి వెనక పత్రిక లేదు, ఊరి పెద్ద లేడు. ఫలితం మారదని రాసేటప్పటికే ఆయనకు తెలుసు. తెలిసీ, ఎంత శ్రద్ధగా రాయాలో అంత శ్రద్ధగా రాశారు. జైలు అప్పీళ్లు చేసిన వకీలుగా చెబుతున్నాను, ఆ తీర్పు చదివాక జైలు నుంచి వచ్చే కాగితాన్ని నేను ఇంకోలా పట్టుకోవడం నేర్చుకున్నాను.

ఇక ఆయన పతనం. దాచిపెట్టి చెప్పను. సర్ జాన్ ఎడ్జ్ 1886లో ఇంగ్లండు నుంచి నేరుగా చీఫ్ జస్టిస్‌గా వచ్చిన బారిస్టరు. మన దేశం గురించి ముందు పరిచయం లేని మనిషి, కోర్టును గడియారంలా నడపాలనుకునేవాడు. మహమూద్ తీర్పులు పొడుగు, ఆలస్యం. ఎడ్జ్ పైకి ఫిర్యాదులు చేశాడు: తీర్పులు పేరుకుపోతున్నాయి, తాగుడు వల్ల పని చెడుతోంది అని. మహమూద్ గట్టిగానే జవాబు రాశారు. చివరికి 1893లో రాజీనామా చేశారు. సర్ సయ్యద్ కొడుకు పక్షాన అలీగఢ్ ఇన్‌స్టిట్యూట్ గెజెట్‌లో రాశారు. ఇంగ్లీషు అధికారులు భారతీయులను సాటి పెద్దమనుషులుగా చూసే రోజు రానంతవరకూ ఆత్మగౌరవమున్నవాడు ఇలాంటి పదవుల్లో ఇమడలేడన్నది ఆయన బాధ. ఇంగ్లీషువారితో సఖ్యత కోసం జీవితమంతా వాదించిన మనిషి ఆ మాట రాయాల్సి వచ్చింది. ఇరవై రెండేళ్ల వయసులో ఆ విందులో కొడుకు చెప్పిన ఆశ ఏమైందో ఇక్కడ చూడండి.

ఎడ్జ్ వైపు తప్పంతా వేసేస్తే మనకు సులువు. నేను వేయను. తీర్పు ఆలస్యమైతే కక్షిదారు నలిగిపోతాడు. పదేళ్లు వాయిదాలు తిరిగినవాడికి అరబ్బీ మూలాల చర్చ ఎంత గొప్పదైనా కడుపు నింపదు. లేని మనిషి కోసం అంత తపించిన న్యాయమూర్తి, తన బల్ల మీద ఆగిపోయిన కట్టల వెనక ఉన్న మనుషుల్ని కూడా చూసి ఉండాల్సింది. తాగుడు సంగతి, అది జబ్బు. ఆ రోజుల్లో దాన్ని జబ్బుగా చూసినవాళ్లు లేరు. కాకపోతే ఒక్కటి అడుగుతాను. అదే కోర్టులో, అదే పొడవు తీర్పులు ఒక ఇంగ్లీషు జడ్జి రాసి ఉంటే ఇంత త్వరగా తలుపు చూపించేవారా? నాకు నమ్మకం లేదు.

తరవాతి పదేళ్లు తలచుకుంటే మనసు కలుక్కుమంటుంది. లక్నోలో ప్రాక్టీసు పెట్టారు. కొంతకాలం వాయవ్య రాష్ట్రాల శాసన మండలిలో ఉన్నారు. మన దేశంలో ఇంగ్లీషు విద్య చరిత్ర మీద ఒక పెద్ద పుస్తకం రాశారు, 1895లో వచ్చింది. అలీగఢ్‌లో తండ్రి తరవాత కార్యదర్శి ఆయనే అని ముందే రాసిపెట్టుకున్నారు. దాని మీద తగాదా వచ్చి సమీవుల్లా ఖాన్ లాంటి పాత మిత్రుడు కూడా దూరమయ్యారు. కానీ కొడుకు మనసు అప్పటికే చెదిరిపోయింది. తండ్రీకొడుకులు ఒక ఇంట్లో ఉండలేని పరిస్థితి వచ్చింది. 1898 మార్చిలో సర్ సయ్యద్ కన్నుమూసింది తన సొంత ఇంట్లో కాదు, స్నేహితుడి ఇంట్లో. ఏడాది తిరగక ముందే కాలేజీ పగ్గాలు మహమూద్ చేతి నుంచి తీసేశారు. చివరి రోజులు సీతాపూర్‌లో బంధువు ఇంట గడిచాయి. 1903 మే 8న పోయారు. యాభై మూడేళ్లు కూడా నిండలేదు. అలీగఢ్ కాలేజీ మసీదు ఆవరణలో తండ్రి పక్కనే ఖననం చేశారు.

హైదరాబాద్ సంగతి చివర్లో చెబుతానన్నాను. ఆయన కొడుకు రాస్ మసూద్. తండ్రి స్థితి చూసి ఆ పిల్లవాణ్ణి అలీగఢ్ కాలేజీ ప్రిన్సిపాల్ థియోడర్ మారిసన్ దంపతులు పెంచారు. ఆ కుర్రవాడే పెద్దయి 1916లో హైదరాబాద్ రాజ్యానికి విద్యాశాఖ డైరెక్టరుగా వచ్చాడు. పన్నెండేళ్లు ఇక్కడ పనిచేశాడు. ఉస్మానియా విశ్వవిద్యాలయం పుట్టుకలో, పై చదువులన్నీ దేశభాషలో చెప్పాలన్న ఆ ప్రయోగంలో, ఆయన చేయి ఉంది. 1922లో జపాన్ వెళ్లి వాళ్లు తమ భాషలో ఇంత శాస్త్రం ఎలా చెప్పుకుంటున్నారో చూసొచ్చి పుస్తకం రాశాడు. ఈ హాల్లో ఉస్మానియాలో లా చదివినవాళ్లు ఎందరున్నారు? చేతులెత్తండి. సగం మంది పైనే. మీరు చదివిన చోటికీ, 1881లో ఇక్కడి కోర్టులు సరిదిద్దడానికి వచ్చిన ఆ యువ జడ్జికీ మధ్య ఉన్నది ఒక్క తరమే.

పోహ్‌పీ కేసులో ఆయన ఓడిపోయారన్నాను. ఆ తరవాత ఏం జరిగిందో కూడా చెప్పాలి. 1976లో రాజ్యాంగంలోకి 39ఎ అధికరణ వచ్చింది, ఉచిత న్యాయసహాయం రాజ్యం బాధ్యత అని. 1987లో లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టం వచ్చింది. కస్టడీలో ఉన్న ప్రతి మనిషికీ, ఆదాయంతో పనిలేకుండా, వకీలును ఇవ్వాలని అందులో ఉంది. 1996లో బానీ సింగ్ కేసులో, అది కూడా ఉత్తరప్రదేశ్ నుంచి వెళ్లిందే, సుప్రీంకోర్టు ముగ్గురు జడ్జీల బెంచ్ చెప్పింది: అప్పీలుదారు జైల్లో ఉండి, తనంతట తాను రాలేని స్థితిలో ఉండి, వకీలు కూడా రాకపోతే, వాయిదా వేసి అతను హాజరయ్యే వీలు కల్పించడం మంచిది. ప్రభుత్వ ఖర్చుతో వకీలును పెట్టడానికి చట్టం అడ్డు రాదు. మహమూద్ ఒంటరిగా రాసిన మాటకు ఇంచుమించు నూట అయిదేళ్ల తరవాత దేశపు పెద్ద కోర్టు అంత దగ్గరికి వచ్చింది. ఇంకా పూర్తిగా చేరలేదని నా అభిప్రాయం. "మంచిది" అనడానికీ "తప్పనిసరి" అనడానికీ మధ్య ఇవాళ కూడా ఖైదీలు ఉన్నారు. వీడియో కాన్ఫరెన్సులో ఖైదీ ముఖం కనపడుతుంది, మాట సగం వినపడదు. లీగల్ ఎయిడ్ పేరు మీద ఫైలు తీసుకుని, ఖైదీతో ఒక్కసారి కూడా మాట్లాడకుండా వాదించే వకీళ్లు మనలోనే ఉన్నారు. అది నాకు కోపం తెప్పిస్తుంది. ఆ కోపం దాచుకోను.

టైము అయిందని అధ్యక్షులు చెబుతున్నారు. ప్రశ్నలేమైనా ఉంటే అడగండి.

(ఆయన తీర్పులు ఎక్కడ దొరుకుతాయి, దేనితో మొదలుపెట్టాలి అని సభలో ఒక జూనియర్ న్యాయవాది అడిగారు.)

మంచి ప్రశ్న అమ్మా. ఇండియన్ లా రిపోర్ట్స్, అలహాబాద్ సిరీస్. ఆయన తీర్పులు అయిదో సంపుటం నుంచి మొదలవుతాయి. మీ ఆఫీసులో లేకపోతే హైకోర్టు లైబ్రరీలో అడగండి, పాత బైండింగ్ పుస్తకాలు పై అరల్లో ఉంటాయి. అబ్దుల్ ఖాదిర్ కేసుతో మొదలుపెట్టమని మీ సీనియర్లు చెప్పొచ్చు, ఎందుకంటే అది అందరికీ తెలిసినది. నేనైతే పదమూడో సంపుటం తీయమంటాను. 171వ పేజీలో పోహ్‌పీ కేసు ఉంటుంది. ముందు చీఫ్ జస్టిస్ తీర్పు చదవండి, అందులో తప్పేముంది అనిపించేంత శ్రద్ధగా చదవండి. ఆ తరవాత మహమూద్‌ది మొదలుపెట్టండి. ఒక్క కూర్చోవడంలో అయిపోదు, శనివారం సాయంత్రం పెట్టుకోండి.